బడ్జెట్ వచ్చింది, మరి మన ఇంటి లెక్క?



ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన స్కూల్ ఆఫీసు కిటికీ దగ్గర ఒక వరుస కనిపిస్తుంది. ఫీజు కట్టడానికి కాదు, కట్టిన ఫీజుకి సర్టిఫికెట్ తీసుకోవడానికి. "ట్యూషన్ ఫీజు విడిగా రాసివ్వండి మేడం, బస్సు ఫీజు కలిపితే మా ఆఫీసులో ఒప్పుకోరు" అని అడిగేవాళ్లతో మధ్యాహ్నం దాకా రద్దీగానే ఉంటుంది. 2025లో ఫిబ్రవరి 1 దాటాక ఆ వరుస ఒక్కసారిగా పలచబడింది. "ఇంకెందుకు మాస్టారూ ఈ కాగితాలు, పన్నెండు లక్షల దాకా పన్నే లేదంట కదా!" అని మోపిదేవి నుంచి వచ్చే ఒక నాన్నగారు నవ్వుతూ వెళ్లిపోయారు.

ఆయన మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం ఆ మార్చి నెలలోనే ఆయన జేబుకి తగిలే అవకాశం ఉండేది. అందుకే ఈ నెల పాఠంగా బడ్జెట్‌నే తీసుకున్నాం. పదో తరగతి పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల శాతాల లెక్కలకి ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

పన్నెండు లక్షలు: ఎవరికి, ఎప్పటి నుంచి?

2025 ఫిబ్రవరి 1, శనివారం నాడు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో 2025-26 బడ్జెట్ ప్రవేశపెట్టారు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఏడాదికి 12 లక్షల వరకు ఆదాయం మీద పన్ను కట్టాల్సిన పని ఉండదన్నారు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి వాళ్ల పరిమితి 12 లక్షల 75 వేలు. ఆ సాయంత్రం టీవీల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినదంతా ఈ ఒక్క ముక్కే.

అందులో రాని మాట ఒకటుంది. ఇది 2025 ఏప్రిల్ 1 నుంచి సంపాదించే ఆదాయానికి వర్తిస్తుంది. 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి పాత లెక్కే. ఆ ఏడాది (2024-25) కొత్త విధానంలో పన్ను లేకుండా బయటపడే పరిమితి 7 లక్షలు, జీతగాళ్లకు 7 లక్షల 75 వేలుగా ఉండేది.

ఏడాదికి 10 లక్షల జీతం ఉన్న ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. 75 వేలు తీసేస్తే 9 లక్షల 25 వేలు. 2024-25 శ్లాబుల ప్రకారం 3 నుంచి 7 లక్షల దాకా 5 శాతం, అంటే 20 వేలు. 7 నుంచి 9.25 లక్షల దాకా 10 శాతం, అంటే 22,500. మొత్తం 42,500. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 44,200 రూపాయలు. "పన్నే లేదు" అనుకున్న మనిషికి ఇది చిన్న మొత్తం కాదు.

ఇదే ఉద్యోగికి ఇంటి రుణం ఉండి, ఏడాదికి 2 లక్షల వడ్డీ కడుతున్నారనుకుందాం. పిల్లల ట్యూషన్ ఫీజు, పీఎఫ్, ఎల్‌ఐసీ ప్రీమియం కలిపి సెక్షన్ 80సీ కింద లక్షన్నర చూపించగలరు. పాత విధానం ఎంచుకుంటే 50 వేల స్టాండర్డ్ డిడక్షన్, ఈ లక్షన్నర, ఆ 2 లక్షలు పోగా మిగిలేది 6 లక్షలు. పాత శ్లాబుల్లో దాని మీద పన్ను 32,500, సెస్సుతో 33,800. అంటే 2024-25కి పాత విధానమే 10,400 రూపాయలు లాభం. ఇంటి రుణం లేకపోతే లెక్క తిరగబడుతుంది, కొత్త విధానమే మేలు.

కాబట్టి పాత విధానంలో ఉన్నవాళ్లకి ఫీజు సర్టిఫికెట్ అవసరమే. ఇద్దరు పిల్లల వరకు, ట్యూషన్ ఫీజు మాత్రమే లెక్కలోకి వస్తుంది. బస్సు, హాస్టల్, పుస్తకాలు, డొనేషన్ రావు. మన ఆఫీసులో ఇచ్చే కాగితంలో ఇవి విడివిడిగానే ఉంటాయి, ఒకసారి సరిచూసుకుని తీసుకోండి.

2025 ఏప్రిల్ నుంచి మాత్రం నిజంగానే ఊరట. పన్ను వేయదగ్గ ఆదాయం సరిగ్గా 12 లక్షలు ఉన్నవారు 2024-25లో కొత్త విధానంలో సెస్సుతో కలిపి 83,200 కట్టాల్సి వచ్చేది. 2025-26లో సున్నా. నెలకు సుమారు 6,900 మిగులుతుంది. 12 లక్షలు కొంచెం దాటినవాళ్లు కూడా కంగారుపడనక్కర్లేదు. 12 లక్షల 10 వేలు వస్తే శ్లాబుల ప్రకారం 61,500 కావాలి గానీ, దాటిన 10 వేలకు మించి పన్ను వసూలు చేయరు. దీన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు.

షేర్లు అమ్మి వచ్చిన లాభాలకు ఈ రిబేటు వర్తించదు. ఈమధ్య ఫోన్లో ట్రేడింగ్ చేసే నాన్నలు ఎక్కువయ్యారు కాబట్టి ఈ ముక్క చెప్పాల్సి వచ్చింది.

"మాకేం ఒరిగింది?"

బడ్జెట్ మర్నాటి నుంచి రెండు రకాల మాటలు విన్నాం. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కరెంటు ఆఫీసు వాళ్లు సంబరపడ్డారు. చల్లపల్లి రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మాట వేరుగా ఉంది. "పన్ను కట్టేవాడికి పన్ను తగ్గించారు. అసలు పన్ను కట్టేంత ఆదాయమే లేనివాడికి ఏం తగ్గిస్తారండీ?" అని ఒక రైతు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దివిసీమలో మన పిల్లల ఇళ్లలో చాలా భాగం వరి, మినుము, అరటి, పసుపు మీదో, చెరువుల మీదో, కూలి మీదో నడిచేవే. వాళ్లకు పనికొచ్చేది ఆదాయపు పన్ను పేజీలో ఉండదు, వేరేచోట వెతకాలి.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద వడ్డీ రాయితీతో ఇచ్చే రుణ పరిమితిని 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచుతామని బడ్జెట్‌లో చెప్పారు. ఈ రుణం వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టేస్తే మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఇప్పుడు ఊళ్లో లెక్క చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అదనంగా దొరకబోయే ఆ 2 లక్షలకు బయట ఏడాదికి 48 వేలు వడ్డీ అవుతుంది, బ్యాంకులో 8 వేలు. తేడా 40 వేలు. ఎన్నో ఇళ్లలో ఒక బిడ్డ చదువు ఖర్చు అది.

అయితే బడ్జెట్‌లో చెప్పడం వేరు, బ్యాంకు మేనేజరు చేతికి ఉత్తర్వు రావడం వేరు. ఈ రెంటికీ మధ్య నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పాత పరిమితే నడుస్తుంది. ఐదు లక్షలు వస్తుందన్న ధీమాతో ముందే పెట్టుబడికి ఒప్పందాలు చేసుకోకండి.

ఇంకో చిక్కు కౌలు రైతులది. భూమి ఒకరిది, సాగు ఒకరిది. కౌలుదారుకు రుణం రావాలంటే 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు కావాలి, దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనన్న భయంతో పెట్టనివాళ్లే ఎక్కువ. ఆ కార్డు 11 నెలల సాగుకే గానీ భూమి హక్కుకి సంబంధం లేదు. ఇది చదువుతున్న మీలో పొలం కౌలుకిచ్చినవారుంటే ఆ సంతకం గురించి ఒకసారి ఆలోచించమని మా మనవి. మీ పొలం చేస్తున్న మనిషి బిడ్డ మీ బిడ్డ పక్క బెంచీలోనే కూర్చుంటూ ఉండొచ్చు.

నాగాయలంక, కోడూరు వైపు చెరువులు ఉన్నవాళ్లకు సుంకాల పట్టికలో చిన్న వాక్యం ఒకటుంది. చేపల, రొయ్యల మేత తయారీలో వాడే ఫిష్ హైడ్రోలైజేట్ మీద దిగుమతి సుంకం 15 నుంచి 5 శాతానికి తగ్గింది. మేత ధర బస్తాకి ఎంత తగ్గుతుందన్నది కంపెనీల చేతిలో ఉంది, కాబట్టి ఆశ కొంచెం తగ్గించుకునే ఉండండి.

జీతమూ, పొలమూ రెండూ ఉంటే

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకంగా ముఖ్యమైన విషయం. టీవీ చర్చల్లో ఎక్కడా వినలేదు. ఉద్యోగం చేస్తూ ఊళ్లో నాలుగెకరాలున్న తల్లిదండ్రులు మనలో చాలామందే.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అది నిజం. కానీ మిగతా ఆదాయం మీద ఎంత శ్లాబు పడాలో తేల్చేటప్పుడు పొలం ఆదాయాన్ని కూడా పక్కన పెట్టుకుని లెక్క కడతారు. పన్ను వేయదగ్గ జీతం 11 లక్షలు, ఖర్చులు పోను పొలం మీద వచ్చింది 2 లక్షలు అనుకుందాం. 2025-26 లెక్క ఇలా ఉంటుంది.

ముందు రెండూ కలిపి 13 లక్షల మీద పన్ను కడతారు. 4 లక్షల దాకా సున్నా, 4 నుంచి 8 దాకా 20 వేలు, 8 నుంచి 12 దాకా 40 వేలు, ఆ పైన లక్షకు 15 వేలు. మొత్తం 75 వేలు. తర్వాత పన్ను లేని 4 లక్షలకు పొలం 2 లక్షలు కలిపి, 6 లక్షల మీద పన్ను చూస్తారు. అది 10 వేలు. మొదటి దాంట్లోంచి ఇది తీసేస్తే 65 వేలు. రిబేటు గరిష్ఠంగా 60 వేలే. మిగిలిన 5 వేలు, సెస్సుతో 5,200 కట్టాలి.

జీతం 12 లక్షలు దాటలేదు, పొలానికి పన్ను లేదు, అయినా 5,200 ఎక్కడి నుంచి వచ్చింది? మన స్టాఫ్ రూంలో ఈ లెక్క బోర్డు మీద వేస్తే ఇద్దరు మాస్టార్లు రెండుసార్లు తిరగేసి చూశారు. మొత్తం పెద్దది కాదు. కానీ పొలం ఆదాయం రిటర్నులో చూపించకపోతే తర్వాత నోటీసు రావచ్చు.

చెరువుల సంగతి మరీ జాగ్రత్త. చేపలు, రొయ్యల పెంపకాన్ని కూడా "వ్యవసాయమే కదా" అనుకుంటాం. ఆదాయపు పన్ను దృష్టిలో సాధారణంగా అది వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. పొలం చెరువుగా మారితే పన్ను లెక్క కూడా మారుతుంది. మీ ఆడిటరుని ఒకసారి అడగండి.

తాతయ్య డిపాజిట్, అమెరికా అబ్బాయి

అరవై దాటిన పెద్దలకు బ్యాంకు వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే 2025 మార్చి దాకా 10 శాతం టీడీఎస్ కోసేవారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి లక్ష రూపాయలయింది. డిపాజిట్ మీద 90 వేలు వడ్డీ వచ్చే తాతయ్యకి 9 వేలు పట్టుకునేవారు, ఇక పట్టుకోరు. మిగతావాళ్లకి 40 వేల పరిమితి 50 వేలయింది. టీడీఎస్ అంటే అదనపు పన్ను కాదు, ముందే పట్టుకునే పన్ను. పన్ను పడని పెద్దలు ఏప్రిల్లో ఆ మేరకు ఫారం ఇస్తే అసలు పట్టుకోరు. ఇవ్వడం మరిచిపోయి, రిటర్నూ వేయక, ఏటా ఆ డబ్బు వదిలేసుకునే పెద్దలు మన ఊళ్లలో ఎంతమందో. ఈ ఏప్రిల్లో మనవడో మనవరాలో తోడు వెళ్లి ఆ ఫారం నింపిపెడితే మంచి పని.

మన పెద్దలు ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తా" అంటారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అయినా పేరు నోట్లోంచి పోలేదు, పోదు కూడా. బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో బందరులోనే లక్ష రూపాయల మూలధనంతో దాన్ని మొదలుపెట్టారు. రైతు, చిన్న వర్తకుడు దాచుకోవడానికీ అప్పు తీసుకోవడానికీ ఒక సొంత చోటు ఉండాలన్న ఆలోచన అది. పిల్లలకు సోషల్ పాఠంలో పట్టాభి గారు కాంగ్రెస్ నాయకుడిగా, చరిత్రకారుడిగా వస్తారు. బ్యాంకు సంగతి మీరు చెప్పండి.

ఇక విదేశీ చదువులు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 7 లక్షలు దాటిన మొత్తం మీద 5 శాతం టీసీఎస్ ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ 7 లక్షలు 10 లక్షలయింది. 18 లక్షలు పంపితే ఇదివరకు 55 వేలు పట్టుకునేవారు, 2025-26లో 40 వేలు. బ్యాంకు విద్యా రుణంతో పంపే డబ్బుకు టీసీఎస్ పూర్తిగా తీసేశారు. పట్టుకున్న డబ్బు కూడా రిటర్నులో తిరిగి అడగొచ్చు.

పాలసీలు ఆపేద్దామా?

మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగిన ప్రశ్న ఇది. కొత్త విధానంలో 80సీ లేదు కాబట్టి ఎల్‌ఐసీ, సుకన్య కట్టడం ఎందుకని ఇంట్లో అంటున్నారట.

పన్ను కోసమే కట్టిన పాలసీ అయితే ఆ మాట అర్థమవుతుంది. కానీ మధ్యలో ఆపేస్తే సరెండర్ విలువ కట్టినదానికన్నా తక్కువ రావచ్చు. ముందు అది తెలుసుకోండి. సుకన్య సమృద్ధి సంగతి వేరు. పదేళ్లలోపు ఆడపిల్ల పేరున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరిచే ఈ ఖాతాకు 2025 మార్చిలో 8.2 శాతం వడ్డీ ఉండేది. ఏ పన్ను విధానంలో ఉన్నా ఆ వడ్డీకి పన్ను లేదు. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, 21 ఏళ్లకు పూర్తవుతుంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ పై చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. 80సీ పోయిందని దీన్ని ఆపడం మాత్రం తొందరపాటే.

ఇన్నాళ్లూ పన్ను తప్పించుకోవడానికైనా మార్చిలో హడావుడిగా లక్షన్నర దాచేవాళ్లం. ఇక ఆ బలవంతం లేదు. మిగిలే 6,900 నెల మొదట్లోనే ఒక రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లకపోతే నెలాఖరుకి ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ఇది మా స్టాఫ్ రూం అనుభవం కూడా.

జనం మాటకి బడ్జెట్ మారుతుందా?

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఈ ప్రశ్న వేసింది. మారుతుంది, మారింది కూడా.

2016 ఫిబ్రవరి 29న అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఉద్యోగుల పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు అందులో 60 శాతం మీద పన్ను ప్రతిపాదించారు. దేశమంతా ఉద్యోగులు గగ్గోలు పెట్టారు. మార్చి 8న, అంటే పది రోజుల్లోపే, ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

రెండోది 2024లో జరిగింది, మనకు ఇంకా దగ్గరిది. 2024 జూలై 23 బడ్జెట్‌లో స్థలాలు, ఇళ్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్నును 20 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించి, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకునే ఇండెక్సేషన్ తీసేశారు. వినడానికి తగ్గింపులాగే ఉంది. ఎవరైనా 2005-06లో బందరులో 5 లక్షలకు స్థలం కొని 2024-25లో 25 లక్షలకు అమ్మారనుకోండి. కొత్త లెక్కలో లాభం 20 లక్షలు, పన్ను రెండున్నర లక్షలు. పాత లెక్కలో సూచీ 117 నుంచి 363కి పెరిగింది కాబట్టి కొన్న ధరను సుమారు 15.5 లక్షలుగా తీసుకుంటారు. లాభం 9.5 లక్షలు, 20 శాతం చొప్పున పన్ను సుమారు 1 లక్షా 90 వేలు. తగ్గించామన్న పన్ను 60 వేలు పెరిగింది! కూతురి పెళ్లికో కొడుకు చదువుకో స్థలం దాచుకున్న మధ్యతరగతి దీన్ని పట్టుకుని గట్టిగా అడిగింది. ఆగస్టులో ప్రభుత్వం చట్టాన్ని సవరించి, 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్లు, స్థలాలకు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టే వీలిచ్చింది.

అడిగినవాళ్లు ఊరికే అరవలేదు, ఇలా లెక్క వేసి చూపించారు. పిల్లలకు చెప్పాల్సింది అదేననుకుంటాం.

రాష్ట్ర బడ్జెట్ గురించి కూడా చాలామంది అడిగారు. 2025 ఫిబ్రవరి 28న పయ్యావుల కేశవ్ గారు 3,22,359 కోట్లతో ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో తల్లికి వందనం పథకానికి 9,407 కోట్లు కేటాయించారు. ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి అన్నది అప్పటికి మార్గదర్శకాలు రాక చెప్పలేకపోయాం.  తల్లి ఆధార్, బ్యాంకు ఖాతా అనుసంధానం సరిగా ఉందో లేదో చూసుకోండి.

పిల్లలకు ఇంటి లెక్క (8, 9, 10 తరగతులు)

2025-26 కొత్త శ్లాబులు: 4 లక్షల దాకా లేదు, 4-8 లక్షలు 5 శాతం, 8-12 లక్షలు 10 శాతం, 12-16 లక్షలు 15 శాతం, 16-20 లక్షలు 20 శాతం, 20-24 లక్షలు 25 శాతం, ఆ పైన 30 శాతం. చివర్లో 4 శాతం సెస్సు.

1. పన్ను వేయదగ్గ ఆదాయం 18 లక్షలైతే పన్ను ఎంత?

2. అమ్మకు 11 లక్షలు, నాన్నకు 11 లక్షలు విడివిడిగా వస్తే ఇద్దరి పన్ను ఎంత? ఒక్కరికే 22 లక్షలు వస్తే ఎంత? తేడా ఎందుకు వచ్చింది?

3. మీ ఇంట్లో నెలకు కొనే వస్తువుల్లో ఏ ఐదింటి బిల్లు మీద జీఎస్టీ ఉందో రాసుకురండి. జీతం లేనివాళ్లు కూడా ప్రభుత్వానికి పన్ను కడుతున్నారా?

జవాబులు రాసిన కాగితాలు మార్చి 20లోగా మీ లెక్కల మాస్టారికి ఇవ్వండి. మూడో ప్రశ్నకి అమ్మమ్మ, నాయనమ్మల సాయం తీసుకోవచ్చు.